ఎక్స్‌పాన్షన్‌లో గ్రైండ్ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు?

నీలిదీపం (ప్రశ్న):

ఆన్‌లైన్‌లో చాలామంది కలిసి ఆడే ఆటలకి కొత్త ఎక్స్‌పాన్షన్ (కొనుక్కునే అదనపు భాగం) ఎప్పుడొచ్చినా గిల్డ్ (కలిసి ఆడేవాళ్ళ సంఘం) ఛాట్‌లలో నడిచే గొడవ ఒకటే. వారానికి 25 గంటలు ఆడేవాళ్ళు రెండు వారాలకే చేయడానికి ఏమీ మిగల్లేదంటారు. 6 గంటలు ఆడేవాళ్ళు రెయిడ్ (పెద్ద జట్టుతో చేసే పోరాటం) గుమ్మం దాకా రావడానికే నెలలు పడుతోందంటారు. ఇద్దరూ మాట్లాడేది ఒకే ఆట గురించి, ఒకే ప్యాచ్ (ఆటకి వచ్చే అప్‌డేట్) గురించి.

ఏ రకం గ్రైండ్ (ఒకే పనిని పదేపదే చేయడం) వల్ల జనం ఆట వదిలేస్తారు, ఏ రకాన్ని ఇష్టంగా చేస్తారు? ఆలస్యంగా వచ్చినవాళ్ళకి క్యాచప్ (ముందున్నవాళ్ళని అందుకునే వెసులుబాటు) ఎలా ఇస్తే ముందునుంచీ ఆడినవాళ్ళకి అన్యాయం అనిపించదు? వారానికి 6 గంటలే ఉన్న మనిషి ఎక్స్‌పాన్షన్ కొనేముందు ఏం చూసుకోవాలి? "అంతా సులువు చేసి పాడుచేశారు" అనే మాట ఇప్పటికే చాలాచోట్ల ఉంది. ఆట పేరు, అంకె, అక్కడ ఏం తేడా కొట్టిందో చెప్పగలిగినవాళ్ళు రాయండి.

పాతకోట:

గంటలు ఎన్ని అన్నదానికంటే, వాటిని ఏ తలుపు ముందు పెట్టారో చూడాలండీ. తోటివాళ్ళతో కలిసి ఆడే చోటికి ముందే పెడితే అది అడ్డుగోడ. అదే గ్రైండ్‌ని లోపలికి వెళ్ళాక పెడితే ఇష్టమున్నవాళ్ళు ఏడాదిపాటు చేస్తారు.

దీనికి మంచి ఉదాహరణ 2007లో వచ్చిన బర్నింగ్ క్రూసేడ్. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో హీరోయిక్ డంజియన్లకి (చిన్న జట్టుతో ఆడే కోటల కష్టమైన రూపం) ఐదు తాళంచెవులు, ఒక్కోదానికీ ఒక్కో వర్గం దగ్గర రివియర్డ్ రెప్యుటేషన్ (ఆ వర్గం మెప్పులో ఒక పై మెట్టు) కావాలి. ఆ హీరోయిక్‌లు పూర్తయితేనే సర్పెంట్‌ష్రైన్, టెంపెస్ట్ కీప్ రెయిడ్లకి అర్హత. అక్కడ వాష్జ్, కేల్‌థాస్ అనే బాస్‌లు (పెద్ద శత్రువులు) ఇద్దరినీ చంపి గాజుబుడ్లు తెస్తే హైజాల్ రెయిడ్. హైజాల్‌లో మొదటి బాస్ పడితేనే బ్లాక్ టెంపుల్. ఒక్కరి కోణంలో చూస్తే అద్భుతమైన ప్రయాణం, కాదనలేం. గిల్డ్ కోణంలో చూడండి. హైజాల్ దాకా వచ్చిన గిల్డ్‌లో హీలర్ (జట్టు గాయాలు మాన్పేవాళ్ళు) ఒకరు మానేస్తే కొత్త హీలర్ కోసం మిగతా 24 మందీ వెనక్కి వెళ్ళి వాష్జ్‌నీ కేల్‌థాస్‌నీ మళ్ళీ కొట్టాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే కింది మెట్టు మీదున్న గిల్డ్ నుంచి అర్హత ఉన్నవాళ్ళని లాక్కునేవాళ్ళు. అలా కింది గిల్డ్‌లు ఖాళీ అయ్యేవి. పైగా కారజాన్ 10 మంది రెయిడ్, దాని తర్వాతివి 25 మందివి. రెండు జట్లని కలిపినా 20 మందే, ఇంకో ఐదుగుర్ని వెతుక్కోవాల్సిందే. తాళంచెవుల నిబంధనని 2.3 ప్యాచ్‌లో రివియర్డ్ కింది మెట్టైన ఆనర్డ్‌కి దించారు, హైజాల్, బ్లాక్ టెంపుల్ అర్హత నిబంధనలని 2.4లో ఎత్తేశారు.

రెండో ఉదాహరణ అదే ఆటకి 2012లో వచ్చిన మిస్ట్స్ ఆఫ్ పాండారియా. అక్కడ తప్పు వేరే, దాన్ని జంట తాళం అనొచ్చు. డంజియన్లు ఆడి వాలర్ పాయింట్లు సంపాదిస్తారు, గేర్ (ఆయుధాలు, కవచాలు) కొనబోతే రెప్యుటేషన్ చాలదు. రెప్యుటేషన్‌కి డైలీలు (రోజూ ఇచ్చే చిన్న పనులు) చేయాలి. ఆగస్ట్ సెలెస్టియల్స్, షాడో పాన్ అనే వర్గాల డైలీలు తెరుచుకోవాలంటే ముందు గోల్డెన్ లోటస్ అనే వర్గం దగ్గర రివియర్డ్ కావాలి. రోజుకి 25 డైలీలే అన్న పాత పరిమితిని సరిగ్గా అప్పుడే ఎత్తేశారు. స్వేచ్ఛ కోసం చేసిన మార్పు, కానీ "ఈ రోజుకి చాలు" అని చెప్పే గీత దాంతోపాటే పోయింది. 5.1 ప్యాచ్‌లో రివియర్డ్‌కి చేరినవాళ్ళు కొనుక్కునే కమెండేషన్ పెట్టారు. అకౌంట్‌లోని మిగతా క్యారెక్టర్లందరికీ ఆ వర్గం దగ్గర రెప్యుటేషన్ రెట్టింపు వేగంతో వస్తుంది. ముందు కష్టపడినవాళ్ళకి కూడా అందులో లాభం ఉంది కాబట్టి ఎవరూ బాధపడలేదు. మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇదే.

ఇంకొకటి చిన్నది. గిల్డ్ వార్స్ 2లో 2015 అక్టోబర్‌లో హార్ట్ ఆఫ్ థార్న్స్ వచ్చినప్పుడు ఎలీట్ స్పెషలైజేషన్ (క్యారెక్టర్‌కి కొత్త ఆటతీరు) మొత్తం తెరవడానికి 400 హీరో పాయింట్లు పెట్టారు. కొత్త మ్యాపుల్లో ఒక్కో హీరో ఛాలెంజ్‌కి 10 పాయింట్లు, అంటే 40 ఛాలెంజ్‌లు. అవి చాలావరకు ఒంటరిగా అయ్యేవి కావు. ఎక్స్‌పాన్షన్ కొన్నదే ఆ స్పెషలైజేషన్ కోసం, అది చివర్లో దొరుకుతోంది. కొద్ది రోజులకే దాన్ని 250కి తగ్గించారు. కొన్న వస్తువుని చేతికివ్వకుండా దాచిపెట్టడం గ్రైండ్ కిందకి రాదు.

లెక్కలపిచ్చి:

పాతకోట గారు చెప్పింది ఒప్పుకుంటాను. దానికి అదృష్టం లెక్క కూడా కలపాలి.

డ్రాప్ రేట్ (శత్రువుని చంపినప్పుడు వస్తువు దొరికే అవకాశం) 100కి 1 అన్నారనుకోండి. 100 సార్లు చంపితే వస్తుందని చాలామంది అనుకుంటారు. 100 ప్రయత్నాల తర్వాత కూడా దాదాపు 37 శాతం మందికి రాదు. 300 తర్వాత 5 శాతం మంది ఉత్తచేతులతో ఉంటారు. 460 దగ్గర కూడా ఒక శాతం మంది మిగులుతారు. 30 మంది గిల్డ్‌లో అందరూ 300 సార్లు చేస్తే ఒకరిద్దరికి అప్పటికీ రాకపోవడం మామూలే. వేషాల కోసమో మౌంట్ (ఎక్కి తిరిగే వాహనం) కోసమో అయితే పర్వాలేదు. ఆ వస్తువు డ్యామేజీని (శత్రువుకి తగిలే దెబ్బని) పెంచేదైతే ఆ ఇద్దరూ బెంచ్ మీదే.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లీజియన్ (2016) లెజెండరీలతో (అరుదైన గేర్‌తో) జరిగింది ఇదే. ఏది పడుతుందో తెలియదు, ఎప్పుడు పడుతుందో తెలియదు. పడినవాటిలో కొన్ని ఆటతీరునే మార్చేవి, కొన్ని ఎందుకూ పనికిరావు. 7.3లో 1000 వేకెనింగ్ ఎసెన్స్‌లు పోగుచేస్తే ఒక లెజెండరీ ఖాయమని పెట్టాక ఊపిరాడింది. లాస్ట్ ఆర్క్‌లో హోనింగ్ (గేర్ బలం పెంచే ప్రయత్నం) విఫలమైన ప్రతిసారీ ఆర్టిజన్స్ ఎనర్జీ నిండుతుంది, 100 శాతం అయ్యాక తర్వాతి ప్రయత్నం కచ్చితంగా ఫలిస్తుంది. చెడ్డ అదృష్టానికి పైకప్పు ఉందా లేదా అన్నది డ్రాప్ రేట్ కంటే ముఖ్యం.

ఇక అదృష్టం ప్రమేయమే లేని పద్ధతి: ఫైనల్ ఫాంటసీ 14 టోమ్‌స్టోన్లు (ఆడి సంపాదించి గేర్ కొనుక్కునే పాయింట్లు). వారానికి 450 క్యాప్ (పరిమితి). ఛాతీ, కాళ్ళ కవచాలు ఒక్కోటి 825. తల, చేతులు, పాదాలు ఒక్కోటి 495. నగలు 375 చొప్పున నాలుగు. ఆయుధానికి 500, దాంతోపాటు వేరే టోకెన్. మొత్తం 5,135, అంటే ఒక జాబ్‌కి (క్యారెక్టర్ చేసే వృత్తికి) 12 వారాలు. రోజంతా ఆడినా 12 వారాలే, వారానికి కొన్ని గంటలు ఆడినా 12 వారాలే. చాలా న్యాయమైన పద్ధతే, ఒక లోపం తప్ప. ఊరెళ్ళి ఒక వారం ఆడకపోతే ఆ 450 పోయినట్టే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ద వార్ వితిన్‌లో క్రెస్ట్‌ల (గేర్ బలం పెంచే టోకెన్ల) క్యాప్ వారానికి 90 చొప్పున పోగయ్యేది. మూడు వారాలు రాకపోయినా నాలుగో వారంలో 360 దాకా తెచ్చుకోగలిగేవాళ్ళు. క్యాప్ పెట్టదలిస్తే ఇలా పెట్టాలి.

పొడవాటి గ్రైండ్ తప్పేమీ కాదనడానికి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ చూడండి. ఒక నైపుణ్యంలో 99వ లెవెల్‌కి 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. 92 దగ్గరికి వచ్చేసరికి సగం అయినట్టు. కానీ అబిస్సల్ విప్ అనే ఆయుధం పట్టుకోవడానికి అటాక్ నైపుణ్యం 70వ లెవెల్ చాలు, దానికి 7,37,627. మొత్తంలో 6 శాతం కూడా లేదు. మంచి ఆయుధం మొదటి 6 శాతంలో చేతికొస్తుంది, మిగతా 94 శాతం కావాలనుకున్నవాళ్ళది.

మూడోషీల్డ్:

ఇక్కడ అందరూ గ్రైండ్ తగ్గించడం గురించే రాస్తున్నారు. తగ్గించి చెడగొట్టినవి కూడా చెప్పాలి.

ఫైనల్ ఫాంటసీ 14లో స్టార్మ్‌బ్లడ్ ఎక్స్‌పాన్షన్ రెలిక్ ఆయుధం (మెట్టుమెట్టుగా బలపరచుకునేది) కోసం యురేకా, తర్వాతి షాడోబ్రింగర్స్ రెలిక్ కోసం బోజ్యా అని విడిగా పెద్ద మైదానాలు ఉండేవి. ఎండ్‌వాకర్‌లో ఒక్కో మెట్టుకి 1,500 టోమ్‌స్టోన్లు ఇస్తే చాలు. రోజూ చేసే డంజియన్లతోనే అవి వచ్చేస్తాయి. అందరికీ అందుబాటు, నిజమే. కానీ ఆయుధం వెనక స్థలం లేదు, పక్కన మనిషి లేడు. పదిమంది ఒకే చోట తిరుగుతూ సాయం చేసుకునే కారణమే పోయింది. అదే ఆటలో మొదటి రెలిక్‌కి 12 ఆత్మాలు అనే వస్తువులు ఫేట్‌లలో (మైదానంలో జరిగే ఉమ్మడి పోరాటాల్లో) పడేదాకా తిరగాలి, ఆ డ్రాప్ రేట్ మరీ దారుణం కాబట్టి తర్వాత పెంచారు. సరైన కొలత ఈ రెండింటి మధ్య ఉంది.

రెండో రకం చెడిపోవడం ఇంకా లోతైనది. 2011 నవంబర్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 4.3 ప్యాచ్‌తో రెయిడ్ ఫైండర్ వచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో క్యూలో నిలబడి ఎవరైనా డ్రాగన్ సోల్ రెయిడ్ చివరిదాకా చూడొచ్చు. గొప్ప మార్పు. అయితే టియర్ సెట్ (కలిపి వేసుకుంటే బోనస్ ఇచ్చే కవచాల) ముక్కలు కూడా అక్కడ పడేవి. నాలుగు ముక్కల బోనస్ బలమైనది కాబట్టి పైస్థాయి గిల్డ్‌లు కూడా వారంవారం ఆ తేలిక రెయిడ్‌లోకి వెళ్ళాల్సి వచ్చింది. కొత్తవాళ్ళ కోసం తెరిచిన తలుపు పాతవాళ్ళకి వెట్టిచాకిరీ అయింది. వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్‌లో రెయిడ్ ఫైండర్ గేర్‌ని వేరు చేసి, సెట్ బోనస్ తీసేశాక ఆ ఒత్తిడి పోయింది. సులువైన మార్గంలో కథ ఇవ్వండి, కిందిస్థాయి గేర్ ఇవ్వండి. పైవాళ్ళకి తప్పనిసరైన వస్తువు ఒక్కటి పెట్టినా ఇద్దరికీ చేటు.

నీలిదీపం:

చాలా ఉపయోగపడింది. ఆల్ట్ క్యారెక్టర్ల సంగతి? ప్రధాన క్యారెక్టర్‌తో ఒకసారి చేసిన పని రెండోదానితో మళ్ళీ చేయడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. కొనేముందు చూసుకోవాల్సినవి కూడా ఎవరూ రాయలేదు.

పాతకోట:

ఆల్ట్‌ల విషయంలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఒకే తప్పు వరసగా చేసి, వరసగా దిద్దుకుంది. లీజియన్ ఆర్టిఫాక్ట్ పవర్‌కి (ఆయుధం బలం పెంచే పాయింట్లకి) పైపరిమితి లేదు. అందుకే త్వరగా అయిపోయే మా ఆఫ్ సోల్స్ డంజియన్‌నే జనం పదేపదే తిప్పారు. ఆ పాయింట్లు ఎక్కువగా వచ్చేలా చేసే ఆర్టిఫాక్ట్ నాలెడ్జ్ 7.3 నుంచి అందరికీ వారంవారం తానే పెరిగింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ ఒక్క వరల్డ్ క్వెస్ట్ (మ్యాపులో చేసే చిన్న పని), మొదట్లో ఆడినవాళ్ళు రోజుల తరబడి తెచ్చుకున్నంత ఇచ్చేది. బ్యాటిల్ ఫర్ అజెరోత్‌లో ఎసెన్స్‌లు (అదనపు శక్తులు) ఏ క్యారెక్టర్‌కి ఆ క్యారెక్టరే తెచ్చుకోవాలి. 8.3లో ఎకోస్ ఆఫ్ నయలోథా అనే నాణేలు ఇచ్చి ఆల్ట్‌లకి కొనుక్కోనిచ్చారు. షాడోలాండ్స్‌లో కోవెనెంట్ (క్యారెక్టర్ చేరిన వర్గం) మార్చుకోవడం మీదున్న అడ్డంకుల్ని 9.1.5లో సడలించారు. చివరికి ద వార్ వితిన్‌లో వార్‌బ్యాండ్ పేరుతో రెప్యుటేషన్‌లని అకౌంట్ మొత్తానికీ కలిపేశారు. గేర్ మాత్రం క్యారెక్టర్‌దే. జ్ఞానం అకౌంట్‌ది, కవచం క్యారెక్టర్‌ది: ఈ విభజన నాకు సరైనదనిపిస్తుంది, ఎందుకంటే రెండో క్యారెక్టర్‌తో మళ్ళీ డంజియన్ ఆడటం ఆటే, మళ్ళీ అదే ఊరివాళ్ళ మెప్పు పొందడం ఆట కాదు.

అంకెలు మార్చకుండా పేరు మారిస్తే ఎంత తేడా వస్తుందో రెస్టెడ్ ఎక్స్‌పీ చెబుతుంది. వార్‌క్రాఫ్ట్ బీటాలో ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ తగ్గిపోయేది, జనం మండిపడ్డారు. విశ్రాంతి తీసుకున్నవాళ్ళకి రెట్టింపు, మిగతావాళ్ళకి మామూలు అని తిప్పి చెప్పాక అదే ఇష్టమైన సదుపాయమైంది. సత్రంలో లాగౌట్ చేస్తే 8 గంటలకి లెవెల్‌లో 5 శాతం చొప్పున, గరిష్ఠంగా ఒకటిన్నర లెవెల్ దాకా. అది నిండటానికి 10 రోజులు.

లెక్కలపిచ్చి:

కొనేముందు చూడాల్సింది: వారానికి తప్పనిసరి పని ఎన్ని గంటలు? పూర్తిగా చేస్తే ఎంత అని కాదు, జట్టులో చోటు దక్కాలంటే ఎంత అని. అది మీ సమయంలో మూడో వంతు దాటితే స్నేహితులతో ఆడటానికి ఏమీ మిగలదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గ్రేట్ వాల్ట్ (వారానికోసారి బహుమతి ఇచ్చే పెట్టె) తీసుకోండి. మిథిక్ ప్లస్ (కష్టం పెంచుకుంటూ పోయే డంజియన్లు) వరసలో 1, 4, 8 డంజియన్లకి ఒక్కో ఎంపిక తెరుచుకుంటుంది. ఒక్కో డంజియన్‌కి అరగంట, జట్టు కుదరడానికి ఇంకో పావుగంట. ఎనిమిదీ చేస్తే మీ 6 గంటలూ అక్కడే సరి. కానీ ఎన్ని తెరిచినా వాల్ట్ ఇచ్చేది ఒక్క వస్తువే, పెరిగేది ఎంపికలు మాత్రమే. రెండో ఎంపిక స్థాయి మీ నాలుగో అత్యుత్తమ పరుగు మీద ఆధారపడుతుంది. కాబట్టి మూడు కష్టమైనవి, ఒకటి తేలికది చేస్తే రెండో ఎంపిక తేలికదాని స్థాయికి పడిపోతుంది. నాలుగూ ఒకే స్థాయిలో చేసి ఆపేయండి, మూడు గంటల్లో అవుతుంది.

తర్వాత, పాత ఎక్స్‌పాన్షన్ల కథ తప్పనిసరా అన్నది. ఫైనల్ ఫాంటసీ 14లో తప్పనిసరి. 5.3లో మొదటి భాగం క్వెస్ట్‌లు కుదించినా కొత్త ఎక్స్‌పాన్షన్‌కి చేరడానికి వందల గంటలు పడుతుంది. అందుకే కొనేముందు స్టార్మ్‌బ్లడ్ దాకా, 70వ లెవెల్ వరకు ఉన్న ఉచిత ట్రయల్ ఆడండి. గిల్డ్ వార్స్ 2లో 2012 నుంచీ లెవెల్ క్యాప్ 80 దగ్గరే ఉంది. ఏడాది మానేసి వచ్చినా పాత అసెండెడ్ (పైస్థాయి) గేర్ అలాగే పనికొస్తుంది. తక్కువ సమయం ఉన్నవాళ్ళకి అది పెద్ద మేలు.

మూడోషీల్డ్:

ఇంకోటి, పాత డంజియన్‌లకి క్యూ నిండుతుందా? ఫైనల్ ఫాంటసీ 14 రౌలెట్ (డంజియన్‌ని ఆటే ఎంచిపెట్టే పద్ధతి) రోజువారీ బోనస్ ఎరవేసి పైలెవెల్ వాళ్ళని పాత డంజియన్‌లలోకి పంపుతుంది, లెవెల్ సింక్‌తో వాళ్ళ బలాన్ని దించుతుంది. జనం దొరక్కపోతే డ్యూటీ సపోర్ట్‌తో ఎన్‌పీసీలని (ఆటే నడిపే పాత్రలని) వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు. ఈ రెండూ లేని ఆటలో ఎక్స్‌పాన్షన్ వచ్చిన ఆర్నెల్ల తర్వాత చేరితే లెవెలింగ్ డంజియన్‌ల క్యూలో గంటల తరబడి కూర్చోవాల్సి రావచ్చు. ట్యాంక్ (జట్టు తరఫున దెబ్బలు కాసే పాత్ర) లేదా హీలర్‌తో మొదలుపెట్టండి, వాళ్ళ కొరత ఎప్పుడూ ఉండేదే కాబట్టి క్యూ ముందు కదులుతుంది.