4 కౌంట్లు వస్తే సోర్స్ ఉన్నట్టేనా? చంద్రా డేటాలో మసక సోర్సుల లెక్క

నీలిచుక్క:
చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్‌లోని ఎసిస్-ఐ (సీసీడీ కెమెరా) డేటా, 50 కిలోసెకన్ల ఎక్స్‌పోజర్. ఆప్టికల్ కేటలాగ్‌లో ముందే ఉన్న ఒక గెలాక్సీ స్థానంలో ఎక్స్‌రే సోర్స్ ఉందా లేదా అన్నది ప్రశ్న. ఆన్-యాక్సిస్‌కి, అంటే టెలిస్కోప్ చూపు మధ్యకి, 1 ఆర్క్‌మినిట్ లోపే ఉంది. 1.5 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో, 0.5–7 కేఈవీ (ఫోటాన్ ఎనర్జీ) బ్యాండ్‌లో 4 కౌంట్లు, అంటే డిటెక్టర్ నమోదు చేసిన 4 ఈవెంట్లు, వచ్చాయి. చుట్టూ 10 నుంచి 25 ఆర్క్‌సెకన్ల వలయంలో 95 ఉన్నాయి. వైశాల్యాల నిష్పత్తి 233 కాబట్టి వృత్తంలో రావాల్సిన బ్యాక్‌గ్రౌండ్ 0.41.

నికర కౌంట్లు 3.59. దీన్ని 4.41 వర్గమూలంతో భాగిస్తే 1.7 సిగ్మా వస్తోంది. ఒక్క బ్యాక్‌గ్రౌండ్ వర్గమూలంతో భాగిస్తే 5.6 సిగ్మా. రెండూ పేపర్లలో కనిపించే సూత్రాలే. సోర్సులు వెతికే ప్రోగ్రామ్ వేవ్‌డిటెక్ట్, డిఫాల్ట్ సిగ్‌థ్రెష్ (గడప) 10⁻⁶ దగ్గర దీన్ని పట్టలేదు. 10⁻⁵ పెడితే పట్టింది, కానీ ఫీల్డ్‌లో ఇంకో 30 కొత్తవి కూడా తెచ్చిపెట్టింది. డిటెక్షన్ అని రాయాలా, అప్పర్ లిమిట్ (ఇంతకి మించి ఉండదు అన్న హద్దు) ఇవ్వాలా?

లవం_హారం:
రెండూ తప్పే. వర్గమూలం సూత్రం గాసియన్‌ది, కౌంట్లు పాతిక ముప్ఫై దాటాక పనికొస్తుంది. 0.41 సగటుకి పాయిజాన్ విభాజనం (అరుదైన కౌంట్లకి వాడే సంభావ్యత లెక్క) ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, దాని తోకే మీకు కావాలి. సగటు 0.41 అయితే 0 కౌంట్లు వచ్చే సంభావ్యత 0.666, 1 అయితే 0.271, 2 అయితే 0.055, 3 అయితే 0.0075. కలిపి 1 నుంచి తీసేస్తే 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే సంభావ్యత 0.00083. ఒక వైపు తోకగా చూస్తే ఇది 3.1 సిగ్మా. అంటే మొదటి సూత్రం సగానికి సగం తక్కువ చెప్పింది, రెండోది గొప్పలు పోయింది.

ఇందులోనూ చిన్న లోపం ఉంది. 0.41 మనకి కచ్చితంగా తెలిసిన సంఖ్య కాదు, 95 కౌంట్ల నుంచి అంచనా కట్టింది. ఆ అనిశ్చితిని కూడా కలుపుకోవాలంటే ద్విపద లెక్క వాడండి. మొత్తం 99 కౌంట్లు, ఒక్కో కౌంటు వృత్తంలో పడే సంభావ్యత 1/(1+233). వాటిలో కనీసం 4 వృత్తంలో పడే సంభావ్యత ఎంత? సైపైలో (పైథాన్ లైబ్రరీ) ఇన్‌కంప్లీట్ బీటా ఫంక్షన్‌కి 4, 96, 0.00427 ఇస్తే 0.0009 వస్తుంది. మీ వలయం పెద్దది కాబట్టి తేడా స్వల్పం. వలయంలో 95కి బదులు 5 కౌంట్లే ఉంటే ఈ తేడాయే కొంప ముంచుతుంది.

ఇక 10⁻⁵ సంగతి. వేవ్‌డిటెక్ట్‌లో సిగ్‌థ్రెష్ ప్రతి పిక్సెల్‌కీ వర్తించే గడప. ఎసిస్-ఐ బొమ్మ 2048×2048, అంటే 42 లక్షల పిక్సెళ్లు. 10⁻⁶ పెడితే లెక్క ప్రకారం 4 దొంగ సోర్సులు (బ్యాక్‌గ్రౌండ్ యాదృచ్ఛికంగా పుట్టించేవి), 10⁻⁵ పెడితే 42. నిజంగా వచ్చేవి సాధారణంగా ఇంతకంటే తక్కువే, అయినా మీ కొత్త 30లో ఎక్కువ భాగం దొంగవే అనుకోండి. 10⁻⁵ పెట్టడం తప్పని కాదు, దాన్ని చివరి తీర్పుగా తీసుకోవడమే తప్పు. చంద్రా డీప్ ఫీల్డ్ సౌత్ 7 మెగాసెకన్ల కేటలాగ్ (2017) చేసింది ఇదే. 10⁻⁵ దగ్గర అభ్యర్థుల్ని పోగేసి, ఒక్కోదానికీ పైన చెప్పిన ద్విపద సంభావ్యత కట్టి, 0.007 కంటే తక్కువ వచ్చినవాటినే ఉంచారు. ప్రధాన జాబితాలో 1008 మిగిలాయి.

ఆ 0.007ని మాత్రం మీ డేటాకి అరువు తెచ్చుకోకండి. అది వాళ్ల ఎక్స్‌పోజర్‌కి, వాళ్ల మొదటి జల్లెడకి సరిపడా ఎంచుకున్న సంఖ్య. మీ గడప మీరే తేల్చుకోవాలి. సోర్సులు తీసేసిన బ్యాక్‌గ్రౌండ్ మ్యాప్ నుంచి పాయిజాన్ బొమ్మలు ఓ వంద పుట్టించి, వాటి మీద అదే వేవ్‌డిటెక్ట్ నడపండి. అందులో దొరికిందల్లా దొంగదే.

మీ స్థానం ముందే తెలుసు కాబట్టి మీది ఒక్క ప్రయత్నం, 0.0009 గట్టి సంఖ్యే. అదే గుడ్డిగా ఫీల్డంతా వెతికి ఉంటే, 17×17 ఆర్క్‌మినిట్లలో ఇలాంటి వృత్తాలు 1.47 లక్షలు పడతాయి. యాదృచ్ఛికంగానే 120 చోట్ల 4 కౌంట్లు కనిపించేవి.

చీకటిగది:
లెక్క బాగుంది, కానీ ఆ నాలుగూ ఫోటాన్లేనా అన్నది ఎవరూ అడగలేదు. 4 కౌంట్ల సోర్స్ అంటే ఈవెంట్ ఫైల్‌లో 4 వరుసలు. డీఎంలిస్ట్ (ఈవెంట్ ఫైల్ చదివే ప్రోగ్రామ్)తో వాటి టైమ్, చిప్‌ఎక్స్, చిప్‌వై (చిప్ మీద పిక్సెల్ స్థానం), ఎనర్జీ తీసి కళ్లతో చూడండి.

చంద్రా చూపు ఒకే చోట నిలబడదు, డిథర్ అవుతూ ఉంటుంది. ఎసిస్‌కి ఈ ఊగు ఈ చివర నుంచి ఆ చివరకి 16 ఆర్క్‌సెకన్లు, ఒక అక్షంలో 1000 సెకన్లు, ఇంకో అక్షంలో 707 సెకన్ల ఆవర్తనం. నిజమైన సోర్స్ ఫోటాన్లు ఆకాశంలో ఒకే చోట ఉన్నా చిప్ మీద వేర్వేరు పిక్సెళ్లలో పడతాయి. కాస్మిక్ రే ఆఫ్టర్‌గ్లో దీనికి తలకిందులు. సీసీడీలో చిక్కుకున్న చార్జి వరుస ఫ్రేముల్లో అదే పిక్సెల్ నుంచి కొంచెం కొంచెంగా కారుతుంది, ఎనర్జీ సాధారణంగా తగ్గుతూ పోతుంది. కొన్ని సెకన్లలో డిథర్ పెద్దగా కదలదు కాబట్టి ఆకాశం బొమ్మలో ఇది చక్కటి పాయింట్ సోర్స్‌లా కూర్చుంటుంది. వీటిని వెతికే ప్రోగ్రామ్ ఎసిస్_ఫైండ్_ఆఫ్టర్‌గ్లో పెద్దవాటిని పడుతుంది, రెండు మూడు ఈవెంట్ల పొట్టివి జారిపోతాయి.

ఇంకో మాట. వృత్తం కేంద్రం ఆప్టికల్ స్థానం మీద పెట్టారా, కౌంట్లు కనిపించిన చోటికి జరిపారా? జరిపితే ఒక్క ప్రయత్నం అన్న మాట చెల్లదు. బ్యాండ్‌ని కౌంట్లు చూశాక 0.5–2కి కుదించినా అంతే.

నీలిచుక్క:
కేంద్రం ఆప్టికల్ స్థానం మీదే ఉంది. ఫీల్డ్‌లోని ప్రకాశవంతమైన సోర్సులతో ఆస్ట్రోమెట్రీ (ఆకాశంలో స్థానాల లెక్క) ముందే సరిచేశాను. కానీ ఈవెంట్లు చూస్తే గుండె జారింది. మూడు ఒకే చిప్ పిక్సెల్‌లో ఉన్నాయి: మొదటిది 1.9 కేఈవీ, 3.2 సెకన్ల తర్వాత 1.1, ఇంకో 6.5 సెకన్లకి 0.7. నాలుగోది వేరే పిక్సెల్‌లో, 31 కిలోసెకన్ల తర్వాత వచ్చింది.

చీకటిగది:
ఆ మూడూ ఆఫ్టర్‌గ్లోయే, తీసేయండి. అయితే ఈ ఒక్క చోట తీసి ఊరుకుంటే కుదరదు. ఒకే పిక్సెల్‌లో 20 సెకన్ల లోపు 3 గానీ ఎక్కువ గానీ ఈవెంట్లు ఉంటే కొట్టేయాలి అని నియమం పెట్టుకుని ఈవెంట్ ఫైల్ మొత్తానికీ వర్తింపజేయండి, వలయానికి కూడా. ప్రకాశవంతమైన సోర్సుల మీద మాత్రం ఈ నియమం నడపకండి, అసలు ఫోటాన్లే ఎగిరిపోతాయి. డేటా వీఫెయింట్ మోడ్‌లో (ప్రతి ఈవెంట్‌కీ చుట్టూ ఎక్కువ పిక్సెళ్లు నమోదయ్యే మోడ్) ఉంటే, డేటాని మళ్లీ ప్రాసెస్ చేసే చంద్రా_రెప్రోలో ఆ మోడ్‌కి ఉన్న అదనపు బ్యాక్‌గ్రౌండ్ వడపోత కూడా ఆన్ చేయండి, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది.

లవం_హారం:
అయితే మిగిలింది 1 కౌంటు. 0.41 సగటుకి కనీసం 1 వచ్చే సంభావ్యత 0.33. డిటెక్షన్ మాట మర్చిపోండి. శుభ్రం చేశాక వలయంలో ఒకటో రెండో పోయినా 0.41 పెద్దగా కదలదు.

అప్పర్ లిమిట్ దగ్గర చాలామంది రెండు వేర్వేరు సంఖ్యల్ని కలిపేస్తారు. ఒకటి, 1 కౌంటు చూశాక సోర్స్ బలం ఎంతకి మించి ఉండదు అన్నది. బ్యాక్‌గ్రౌండ్‌ని కలుపుకుని బేయేసియన్ పద్ధతిలో, రుణాత్మక బలాన్ని ఒప్పుకోకుండా కడితే 95 శాతానికి 4.4 కౌంట్లు. 50 కిలోసెకన్లతో భాగిస్తే సెకనుకి 8.8×10⁻⁵. రెండోది, మీ పద్ధతి పట్టగలిగే సోర్స్ ఎంత మసకది అన్నది. 0.001 గడపకి కనీసం 4 కౌంట్లు కావాలి. సగటున 3.3 నికర కౌంట్లిచ్చే సోర్స్‌ని సగం సార్లే పడతారు, 90 శాతం సార్లు పట్టాలంటే 6.3 కావాలి. ఈ రెండో సంఖ్యకి మీ డేటాలో వచ్చిన కౌంటుతో సంబంధం లేదు. పట్టికలో ఏది వేస్తున్నారో శీర్షికలోనే రాయండి.

ఫ్లక్స్‌గా మార్చేటప్పుడు వృత్తం బయట పడే వాటాని కలపండి, ఏఆర్‌ఎఫ్ (ఒక్కో ఎనర్జీ దగ్గర టెలిస్కోప్ సున్నితత్వం చెప్పే ఫైల్) ఆ పరిశీలన తేదీదే వాడండి. ఎసిస్ ఫిల్టర్ మీద ఏళ్లుగా పేరుకున్న మురికి వల్ల తక్కువ ఎనర్జీల దగ్గర సున్నితత్వం బాగా పడిపోయింది. పాత ఏఆర్‌ఎఫ్ వాడితే ఫ్లక్స్ లిమిట్ ఉండాల్సిన దానికంటే కిందికి దిగుతుంది.

సూళ్లూరుపేట_కుర్రాడు:
మధ్యలో దూరుతున్నా. ఇదే ద్విపద లెక్క ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎస్‌ఎక్స్‌టీ (సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోప్) డేటాకి పనిచేస్తుందా?

చీకటిగది:
పనిచేయదు. ఎస్‌ఎక్స్‌టీ పీఎస్‌ఎఫ్ (ఒక చుక్క సోర్స్ బొమ్మలో పరుచుకునే తీరు) 2 ఆర్క్‌మినిట్ల వెడల్పు, రెక్కలు సీసీడీ అంతా పరుచుకుంటాయి. సోర్స్ వృత్తమే 15 ఆర్క్‌మినిట్ల వ్యాసార్ధం దాకా తీస్తారు, ఫీల్డ్ వెడల్పు చూస్తే 40. ఇక వలయానికి చోటెక్కడ? ఇన్‌స్ట్రుమెంట్ టీమ్ ఇచ్చే ఖాళీ ఆకాశం స్పెక్ట్రమ్‌నే బ్యాక్‌గ్రౌండ్‌గా వాడాలి. అక్కడ కౌంట్లు వందల్లో ఉంటాయి కాబట్టి పాయిజాన్ తోక బాధ లేదు. ఆ స్పెక్ట్రమ్ మీ పరిశీలనకి కొన్ని శాతం తేడాగా ఉన్నా మసక సోర్స్ అందులోనే పుట్టొచ్చు, అందులోనే మాయమవ్వొచ్చు. మామూలుగా ఒకసారి, బ్యాక్‌గ్రౌండ్‌ని 5 శాతం అటూ ఇటూ జరిపి ఇంకోసారి ఫిట్ చేయండి. రెండింటిలోనూ నిలబడితేనే రాయండి.