కమ్యూనిటీ కాలేజీలో కౌన్సెలర్‌ని కలవందే రిజిస్ట్రేషన్ ఇవ్వకూడదా? మీరేమంటారు?

ఫ్రీమాంట్ మావయ్య:
మా మేనల్లుడి సంగతి చెప్పి అడుగుతున్నాను. బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరాడు, రెండేళ్ళు అక్కడ చదివి యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, ట్రాన్స్‌ఫర్ అయి కంప్యూటర్ ఇంజనీరింగ్ చేద్దామని. ఫీజు యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు, తిండీ పడకా ఇంట్లోనే, అంతవరకు లెక్క బాగానే ఉంది. కానీ ఏ క్లాసులు తీసుకోవాలో చెప్పే కౌన్సెలర్ మొహం మొదటి ఏడాదంతా చూడలేదు. టైం కుదిరినవి, రేటింగులు బాగున్నవి ఏరుకుని క్లాసులు తీసుకున్నాడు. ఫిజిక్స్ కూడా తీసుకున్నాడు, 'ఏ' గ్రేడ్ వచ్చింది, ఇంట్లో అందరం సంతోషపడ్డాం. తీరా చూస్తే అది కాలిక్యులస్ లేని ఫిజిక్స్, బయాలజీ వైపు వెళ్ళే పిల్లల కోసం పెట్టింది, ఇంజనీరింగ్‌కి చెల్లదు. ఇప్పుడు కాలిక్యులస్ ఫిజిక్స్ మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఒకటి పాసైతేగానీ రెండోది తీసుకోనివ్వరు, అంటే ఏడాది పోయినట్టే. నేననేది ఏంటంటే, మొదటి సెమిస్టర్‌లోనే కౌన్సెలర్‌తో కూర్చుని రెండేళ్ళ ప్లాన్ రాసుకోవాలి, లేదంటే రెండో సెమిస్టర్‌కి రిజిస్ట్రేషన్ తెరవకూడదు, అంటే హోల్డ్ పెట్టాలి. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

సొంతకాళ్ళు:
కాదనేవాణ్ణి నేనే. 18 నిండిన మనిషికి క్లాసు పేరు కింద ఏముందో చదువుకోవడం కూడా ఇంకొకళ్ళు నేర్పాలా అన్నా? అసిస్ట్ అని వెబ్‌సైట్ ఉంది, కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కాలేజీ క్లాసు ఏ యూసీలో, ఏ కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లో దేనికి సమానమో మేజర్ల వారీగా రాసి ఉంటుంది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అడగదు. నేను ట్రాన్స్‌ఫర్ అయింది అది చూసుకునే. చూసుకోని వాళ్ళ కోసం చూసుకున్న వాళ్ళందరినీ లైన్లో నిలబెడతామంటే ఎలా?

అరగంట అక్క:
నేను ఒక కాలేజీలో పార్ట్ టైం కౌన్సెలర్‌ని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

మావయ్యగారూ, మీరడిగింది సగం ఎప్పుడో వచ్చేసింది. 2012లో కాలిఫోర్నియా చట్టమే చేసింది. ఓరియంటేషన్, ఎడ్ ప్లాన్ (ఏ క్లాసులు ఎప్పుడో రాసుకునే ప్లాన్) పూర్తిచేసిన కొత్త పిల్లలకి రిజిస్ట్రేషన్‌లో ముందు వరస, మిగతావాళ్ళకి తర్వాత. దానివల్ల జరిగిందేంటో నేను కళ్ళారా చూస్తున్నాను. ఓరియంటేషన్ స్లైడ్లు 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోతారు. రిజిస్ట్రేషన్ తెరిచే వారం అపాయింట్‌మెంట్ అక్కర్లేని డ్రాప్ ఇన్ లైన్లోకి వస్తారు, పావుగంటలో ఒక సెమిస్టర్‌కి సరిపడా మొక్కుబడి ప్లాన్ ఒకటి తయారవుతుంది, సిస్టంలో టిక్కు పడుతుంది. మీ మేనల్లుడు అలా వచ్చినా ఆ ఫిజిక్సే తీసుకునేవాడేమో.

అపాయింట్‌మెంట్ దొరికినా అరగంటే. అందులో ట్రాన్‌స్క్రిప్ట్ తెరవాలి, ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) స్కోర్లు చూడాలి, ఇంకో కాలేజీలో సమ్మర్‌లో చేసిన క్లాసుంటే దాని సంగతి, "ఏ మేజర్ అనుకుంటున్నావ్?" అంటే "తెలీదు, కంప్యూటర్స్ అని నాన్న అంటున్నారు" అనే జవాబు, అప్పటికి ఇరవై నిమిషాలు అయిపోతాయి. ఇంకో చిక్కుంది. అందరికీ పనికొస్తుందని జనరల్ ఎడ్యుకేషన్ క్లాసులు ముందు ముగించమని చెప్పడం మాలో చాలామందికి అలవాటు. సైకాలజీ చదివే పిల్లకి అది మంచి సలహానే. ఇంజనీరింగ్ పిల్లాడికి తలకిందుల సలహా, వాడు ముందు మ్యాథ్స్, ఫిజిక్స్ వరస పట్టాలి, యూసీ వాళ్ళూ అదే చెప్తారు. కాబట్టి కలిసిన పిల్లలు కూడా దారి తప్పుతారు. కాలేజీల సిస్టం 2017లో పెట్టుకున్న లక్ష్యాల్లోనే రాసుంది, డిగ్రీకి 60 యూనిట్లు చాలే చోట పిల్లలు సగటున 87 చేస్తున్నారని, దాన్ని 79కి దించాలని. ఆ అదనపు యూనిట్లన్నీ కౌన్సెలర్‌ని కలవని వాళ్ళవే అనుకుంటే పొరపాటు.

నైట్ డ్యూటీ:
హోల్డ్ పెట్టమంటున్న అన్నయ్యకి ఒక్క మాట. నేను రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు వరకు నర్సింగ్ హోంలో చేస్తాను, ఇద్దరు పిల్లలు, ప్రీ నర్సింగ్ చదువుతున్నాను. కౌన్సెలింగ్ ఆఫీసు తొమ్మిది నుంచి నాలుగున్నర. అది నేను నిద్రపోయే టైం. పోయిన ఏడాది నాకు హోల్డ్ పడింది, అది తీసేలోపు అనాటమీ ల్యాబ్ సీట్లు నిండిపోయాయి, ఒక సెమిస్టర్ వెనకపడ్డాను. మీ మేనల్లుడికి ఏది లేక ఏడాది పోయిందో నాకు అది తప్పనిసరి చేయడం వల్లే ఆర్నెల్లు పోయింది. అంతా అయ్యాక కూర్చోబెట్టి నా ఇష్టాయిష్టాలేంటో తేల్చే పరీక్ష ఒకటి పెట్టారు, నేను సేవారంగానికి సరిపోతానని తేలింది. ఏడేళ్ళుగా చేస్తున్నది అదే కదా! నర్సింగ్‌లో సీట్లు తక్కువ, ప్రిరిక్విజిట్లు (ముందు చేయాల్సిన క్లాసులు) అన్నీ పాసైనా లైన్లో ఉండాల్సి రావొచ్చు, ఈలోగా ఫలానాది చేసుకో అని మొదటి రోజు చెప్పినవాళ్ళు లేరు.

క్వీన్స్ కుర్రాడు:
న్యూయార్క్‌లో దీనికి వేరే దారి పట్టారు, నేను అందులోంచే వచ్చాను కాబట్టి చెప్తున్నా. క్యూనీలో, అంటే సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో, ఏసాప్ అనే ప్రోగ్రాం 2007 నుంచి ఉంది. అడ్వైజర్‌ని తరచూ కలవడం అక్కడా తప్పనిసరే, కానీ బెదిరింపు ఉండదు. నెల నెలా సబ్‌వే, బస్సులకి పనికొచ్చే మెట్రోకార్డు ఇచ్చేవాళ్ళు, అడ్వైజర్‌ని కలిస్తేనే కార్డు. సబ్‌వేకి నెలకి వంద డాలర్లకి పైగా అయ్యే ఊళ్ళో ఎవడు మానతాడు? ట్యూషన్‌లో ఎయిడ్ పోగా మిగిలింది వాళ్ళే కట్టారు, పుస్తకాల ఖర్చూ వాళ్ళదే. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూస్తే మూడేళ్ళలో డిగ్రీ వచ్చినవాళ్ళు ఏసాప్‌లో 40 శాతం, బయట 22 శాతం. తర్వాత ఒహాయోలో మూడు కాలేజీల్లో అదే పెడితే అక్కడా దాదాపు రెట్టింపయింది. కారణం ఏంటంటే, ఆ స్టడీ జరిగినప్పుడు ఒక్కో అడ్వైజర్ దగ్గర 60 నుంచి 80 మందే ఉండేవాళ్ళు, మామూలు అడ్వైజర్ దగ్గర వందల మంది. మా అడ్వైజర్‌కి నా పేరే కాదు, మా నాన్న కొట్టు ఏ వీధిలో ఉందో కూడా తెలుసు. మెట్రోకార్డు కోసం వెళ్ళినవాణ్ణి మేజర్ మార్చుకుని బయటికొచ్చాను.

సొంతకాళ్ళు:
ఏసాప్‌కి ఫుల్ టైం చదవాలి కదా, నైట్ డ్యూటీ అక్కకి అదెలా కుదురుతుంది? పైగా మనిషికి అరవై శాతం పైగా ఎక్కువ ఖర్చయిందని ఆ ఎండీఆర్‌సీ రిపోర్టులోనే ఉంది. ఎవరు కట్టాలి?

క్వీన్స్ కుర్రాడు:
ఫుల్ టైం సంగతి నిజమే, ఒప్పుకుంటా. కానీ బ్రో, ఆ రిపోర్టులో కింది పేజీ కూడా చదువు. డిగ్రీ తెచ్చుకున్న మనిషికి ఎంత పడిందని లెక్కేస్తే ఏసాప్‌లోనే తక్కువ.

ఫ్రిస్కో అమ్మ:
మా అమ్మాయిది హెచ్4, అంటే హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా, టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీ. కెరీర్ సెంటర్ నుంచి మెయిళ్ళ మీద మెయిళ్ళు, ఇంటర్న్‌షిప్ చెయ్, క్యాంపస్ జాబ్ చెయ్, ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు) నింపు అని. హెచ్4 మీదున్న పిల్లలు పని చేయకూడదు, ఫెడరల్ ఎయిడ్ రాదు. వచ్చే ఏడాది 21 నిండుతుంది, ఆ తర్వాత హెచ్4 ఉండదు, గ్రీన్ కార్డు లైన్ ఎక్కడుందో మీ అందరికీ తెలిసిందే, స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి. ఇది పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళమంది, వాళ్ళు నువ్వు ఎఫ్1 కాదు కదా అని మళ్ళీ ఆవిడ దగ్గరికే పంపారు. తప్పనిసరి చేయండి, వద్దనను, కానీ ఎదుటి కుర్చీలో ఉన్న మనిషికి ఏం తెలిసుండాలో కూడా తప్పనిసరి చేయండి.

ఫ్రీమాంట్ మావయ్య:
అక్కయ్యలిద్దరి మాటా కాదనలేను. అయినా హోల్డ్ ఉండాలనే అంటాను. సాయంత్రం, శనివారం అపాయింట్‌మెంట్లు, ఫోన్లో అయినా సరే, అవి ఇవ్వలేని కాలేజీకి హోల్డ్ పెట్టే హక్కు లేదని షరతు పెట్టండి. వదిలేస్తే మాత్రం అడిగే అలవాటున్న పిల్లలు అడుగుతారు, లేనివాళ్ళు మావాడిలా మిగులుతారు. అసిస్ట్ చూసుకున్నానని సొంతకాళ్ళు తమ్ముడు అన్నాడు, ఆ వెబ్‌సైట్ ఉందని నీకు చెప్పిందెవరయ్యా?

సొంతకాళ్ళు:
మా సీనియర్.

అరగంట అక్క:
అదే నేనూ అనేది. సీనియర్ లేనివాళ్ళు మా లైన్లో ఉంటారు.

మావయ్యగారూ, ఇంకో చిన్న విషయం. ఈసారి వాణ్ణి ఒక్కణ్ణే పంపండి. మన వాళ్ళ జూమ్ అపాయింట్‌మెంట్‌లో కెమెరా పక్కనుంచి నాన్నగారి మోచెయ్యి కనిపిస్తూనే ఉంటుంది, పిల్లాడు నోరెత్తడు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక రికార్డులు పిల్లాడివి, వాడు ఒప్పుకోందే నేను మీతో మాట్లాడకూడదు కూడా.

ఫ్రీమాంట్ మావయ్య:
మోచెయ్యి నాది కాదు, మా బావగారిది. సరే, అపాయింట్‌మెంట్ దొరికింది, ఏం అడగమంటారు?

అరగంట అక్క:
అసిస్ట్‌లో తను అనుకుంటున్న మూడు నాలుగు క్యాంపసుల పేజీలు ప్రింట్ తీసుకెళ్ళమనండి, ఏ ఫిజిక్స్, ఏ మ్యాథ్స్ అన్నిటికీ ఉమ్మడిగా కావాలో ముందే గీత గీసుకుని. ఆ క్లాసులు వాళ్ళ కాలేజీలో ఏ సెమిస్టర్‌లో పెడతారో అడగాలి, కొన్ని ఏడాదికొక్కసారే ఉంటాయి. ట్యాగ్ అంటే సీటు గ్యారంటీ ఒప్పందం గురించి కూడా అడగాలి. అది ఆరు యూసీల్లోనే ఉంది, బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగోల్లో లేదు, ఉన్నచోట కూడా అన్ని మేజర్లకీ వర్తించదు. దరఖాస్తు సెప్టెంబరు ఒక్క నెలే తీసుకుంటారు.

ఫ్రిస్కో అమ్మగారూ, మీ అమ్మాయి సంగతి నేను చెప్పదగ్గది కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, 21 నిండేదాకా ఆగొద్దు.

నైట్ డ్యూటీ:
శనివారం అపాయింట్‌మెంట్లు మీ కాలేజీలో ఉన్నాయా అక్కా?

అరగంట అక్క:
లేవు.