డైక్లోఫెనాక్ నిషేధం: రాబందులు ముఖ్యమా, మా పశువులా?

గూడుగువ్వ: నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ మందును పశువులకు వాడొద్దని 2006లోనే నిషేధించారు. అయినా చాటుగా వాడుతూనే ఉన్నారు. ఆ ఇంజెక్షన్ చేసిన పశువు త్వరగా చచ్చిపోతే, కళేబరం తిన్న రాబందులకు కిడ్నీలు పాడై కొన్ని రోజుల్లోనే ప్రాణం పోతుంది. 1990ల మొదటి నుంచి 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఇంకేం చూడాలి?

పాడిరైతు: మా వైపు రాబందును చూసిన కుర్రాడే లేడు. కనిపించని పక్షి కోసం, కళ్లముందు మూలుగుతున్న గేదెను వదిలేయమంటారా? ఎప్పుడో ఒక్క ఇంజెక్షన్‌కే ఇంత గొడవా?

గూడుగువ్వ: ఆ ఒక్కటే ముంచిందండీ. మందు ఉన్న కళేబరాలు నూటికి ఒకటి కన్నా తక్కువే అయినా రాబందులు ఇంతగా తగ్గిపోగలవని పరిశోధకులు లెక్కగట్టారు. ఒక కళేబరం మీద పదుల సంఖ్యలో వాలతాయి మరి.

సాయంకాలం: పూడ్చిపెడితే సరిపోతుందిగా?

పాడిరైతు: ఎండాకాలంలో గేదెకు సరిపడా గొయ్యి తవ్వి చూడండి, తెలుస్తుంది.

మందులషాపు: 2015 నుంచి మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా 3 మిల్లీలీటర్ల సింగిల్ డోసుల్లోనే రావాలి. పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయనే ఆ నిబంధన. పశువుల నొప్పికి దాని బదులు మెలాక్సికామ్ మందు ఉంది, రాబందులకు హాని చేయదు.

పాడిరైతు: ఉందని మీకు తెలుసు. మా గేదె పొదుగువాపుతో లేవలేక పడి ఉంటే డాక్టరు రాలేదు. షాపులో చేతికిచ్చింది మనుషుల సీసానే. నిషేధం ఉందని ఒక్కడూ చెప్పలేదు. ఇప్పుడు దోషిని నేనా?

గూడుగువ్వ: మిమ్మల్ని దోషి అనలేదు. వాడకం ఆగాలన్నాను.

పాడిరైతు: అదే నా బాధ! ఆగాల్సింది ఎప్పుడూ రైతేనా? రాబందులకు ఏమవుతుందో చూడకుండానే ఆ మందును పశువులకు అమ్ముకోనిచ్చారు. అసిక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ, మరో నొప్పి మందు కీటోప్రొఫెన్‌నీ ఆపింది 2023లో. అన్నేళ్లూ అమ్మినవాళ్లను ఎవరడిగారు?

గూడుగువ్వ: ముందే పరీక్షించాలన్న మాటకు నేనూ మీతోనే ఉన్నాను. కానీ వాళ్లను నిలదీసేదాకా ఇంజెక్షన్లు సాగాలంటే ఒప్పుకోను. మిగిలిన రాబందులు చాలా కొద్ది.

పాడిరైతు: మెలాక్సికామ్ మా పశువుల ఆసుపత్రిలో ఎప్పుడూ దొరికేలా చేయించండి. రేపే మానేస్తా. అది లేకుండా నిషేధమంటే మా గేదె నొప్పికి విలువ లేదన్నట్టే.