1:9 బ్యారెల్‌లో 77 గ్రెయిన్ల బుల్లెట్ ఎందుకు కుదురుకోవడం లేదు?

ప్రశ్న:
.223 బోల్ట్ యాక్షన్ రైఫిల్, బ్యారెల్ మీద 1:9 అని చెక్కి ఉంది (లోపలి మెలిక గాడులు 9 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయని; దీన్నే ట్విస్టు అంటారు). 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లు 100 మీటర్లలో చక్కగా ఒకచోట పడుతున్నాయి. 77 గ్రెయిన్ల మ్యాచ్ (పోటీ) బుల్లెట్లు వేస్తే గ్రూపు (చిల్లుల గుంపు) మూడింతలు విచ్చుకుంటోంది, కొన్ని చిల్లులు కోలగా ఉన్నాయి. వేగం సుమారు సెకనుకు 2700 అడుగులు. పౌడర్ మార్చాలా, బ్యారెలే మార్చాలా?

జవాబు 1:
చిల్లు గుండ్రంగా ఉండి గ్రూపు మాత్రమే విచ్చుకుంటే పౌడర్‌ని, సీటింగ్ లోతుని (తూటా గొట్టంలో బుల్లెట్ ఎంత లోపలికి కూర్చుందో) అనుమానించాలి. కోలగా ఉందంటే బుల్లెట్ ఊగుతూ వెళ్తోందన్నమాట. పౌడర్‌తో అది నయం కాదు. బుల్లెట్ స్థిరత్వాన్ని లెక్కగట్టే మిల్లర్ సూత్రంలో వేగం ప్రభావం దాని ఘనమూలం మేరకే ఉంటుంది, 100 అడుగులు పెంచినా స్థిరత్వం ఒక శాతం కాస్త పైన పెరుగుతుందంతే.

అందరూ బరువు చూస్తారు గానీ అసలు విషయం పొడవు. మీ బుల్లెట్ సుమారు అంగుళం ఉంటుంది. ఆ లెక్కన 9 ట్విస్టులో స్థిరత్వ అంకె 1.35 దగ్గర వస్తుంది. కావలసింది 1.5. అదే 8 ట్విస్టులో అయితే 1.7. పూర్తి రాగి బుల్లెట్లతో ఇంకా జాగ్రత్త: సీసం కన్నా రాగి తేలిక కాబట్టి అదే బరువుకు పొడవు ఎక్కువ.

జవాబు 2:
1.35 అంటే తక్కువే గానీ, చిల్లులు కోలగా పడేంత తక్కువ కాదండి. చెక్కిన అంకెను నమ్మకుండా కొలవండి. రైఫిల్ ఖాళీ అని చూసుకుని, పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా ఉండే ప్యాచ్ (గుడ్డముక్క) తొడిగి బోర్‌లోకి (బ్యారెల్ రంధ్రంలోకి) తోయండి. పట్టు దొరికాక రాడ్ పైభాగాన ఒక గీత, యాక్షన్ (బోల్టు కదిలే భాగం) వెనక అంచు దగ్గర ఒక టేపు. గీత పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చేదాకా తోసి, టేపు ఎంత జరిగిందో కొలవండి. ప్యాచ్ వదులైతే గాడుల మీద జారి అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే మూడుసార్లు.

మూతి అంచు మీద నొక్కు ఉందేమో, మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నడం తగ్గించడానికి మూతికి బిగించేది) లోపల రాపిడి గీత ఉందేమో కూడా చూడండి. బుల్లెట్ దానికి తగిలినా చిల్లు ఇలాగే కోలగా పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బ్రేక్ లేదు, మూతి శుభ్రంగా ఉంది. కొలిస్తే 9.2, 9.3, 9.2 వచ్చాయి.

జవాబు 1:
అయితే అంకె 1.29కి దిగింది. ఈ లెక్క 15 డిగ్రీల వాతావరణానికి. సున్నాకు 10 డిగ్రీలు కింద గాలి చిక్కబడి, ఇంకో తొమ్మిది శాతం దాకా పోతుంది. ఎండలో సరిగ్గా పడి చలిలో చెదిరే రైఫిళ్ళు ఇలాంటివే.

ఈ బ్యారెల్‌కు 69 గ్రెయిన్లవి వాడండి. పొడవు 0.9 అంగుళం, అంకె దాదాపు 1.58. అవీ కోలగా పడితే ట్విస్టును వదిలేసి బోర్ అరుగుదల చూడాలి. 77 తప్పదంటే 8 ట్విస్టు బ్యారెల్ కొనండి.

జవాబు 3:
7 ట్విస్టు బ్యారెల్ కూడా తీసుకోవచ్చు. అమెరికా సైన్యం ఎం16ఏ1 రైఫిల్‌లో 55 గ్రెయిన్లకు 12 పెట్టి, ఎం16ఏ2లో పొడవాటి ట్రేసర్ (వెళ్ళే దారి వెలుగుతో కనిపించే బుల్లెట్) కోసం 7కు వెళ్ళింది. కానీ సన్నటి జాకెట్ (పై లోహపు తొడుగు) ఉన్న తేలికపాటి బుల్లెట్లు కూడా అందులోనే కాలుస్తామంటే వద్దు. సెకనుకు 3200 అడుగుల వేగంతో 7 ట్విస్టులో అవి నిమిషానికి 3,29,000 చుట్లు తిరుగుతాయి, కొన్ని దారిలోనే చిట్లిపోతాయి. రెండు రకాలూ కాల్చేవారికి 8 మేలు.