విండోస్ 10 కంప్యూటర్లో ఆఫీసు పని కొనసాగించవచ్చా?

ప్రశ్న: మా మండల కార్యాలయంలో రెండు కంప్యూటర్లు ఇంకా విండోస్ 10తోనే నడుస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ భద్రతా అప్‌డేట్లు నిలిచిపోయాయి. ధ్రువపత్రాల లాగిన్లన్నీ వాటిలోనే ఉన్నాయి. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

జవాబు: యంత్రం ఆగిపోదు గానీ, కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు కాబట్టి ప్రమాదం నెలనెలా పెరుగుతుంది. విండోస్ 11కు టీపీఎం 2.0 (కంప్యూటరులోని భద్రతా చిప్) వంటి అర్హతలు ఉంటే మార్చుకోండి; లేకపోతే గడువు తర్వాత కూడా విండోస్ 10కు ఇచ్చే పొడిగింపు భద్రతా అప్‌డేట్ల కోసం పై అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి.

మరో జవాబు: అసలు చిక్కు వేరే చోట ఉంటుందని నా అభిప్రాయం. మా దగ్గర డిజిటల్ సంతకం టోకెన్ (సంతకం చేయడానికి కంప్యూటరుకు గుచ్చే యూఎస్‌బీ పరికరం) రోజంతా కంప్యూటరుకే ఉండేది, దాని పిన్ మానిటరు అంచున కాగితంపై అంటించి ఉండేది. సంతకం కాగానే టోకెన్ తీసి బీరువాలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: మా మానిటరుకూ అలాంటి కాగితమే ఉంది. ఇప్పుడే తీసేసి, పిన్ కూడా మార్చాను.