ఇంటి బయటి గోడలకు క్లాడింగ్: దేన్ని ముందు తేల్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము దగ్గరుండి సొంత ఇల్లు కట్టించుకుంటున్నాం. కింది అంతస్తుకు సిమెంటు బ్లాకుల గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. పై అంతస్తుకు బరువు తగ్గించాలని స్టీలు ఫ్రేము నిలబెట్టి, దానికి లోపలా బయటా బోర్డులు బిగించాలని నిర్ణయించుకున్నాం. రెండు వైపుల గోడలకు గాలివాన నేరుగా కొడుతుంది. అటువైపు అడ్డుగా చెట్లు గానీ మరో కట్టడం గానీ లేవు. చూరును రెండు అడుగులకు మించి ముందుకు తేవడానికి స్థలం చాలదు.

పై అంతస్తు బయటివైపు క్లాడింగ్‌గా, అంటే గోడకు పై తొడుగుగా, ఏం వేయాలన్న దగ్గర పని ఆగింది. మేస్త్రీ రాతి పలకలు అంటిద్దామంటున్నారు. తెలిసినవారొకరు ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు వేస్తే చుక్క నీరు కూడా లోపలికి రాదంటున్నారు. ఇంకొకరు ఫైబర్ సిమెంటు (నార కలిపిన సిమెంటు) పలకలు మేలన్నారు. ఇంట్లోవాళ్లకు మాత్రం చెక్క పలకల మీద మనసుంది. వీటిలో ఏది వానకు బాగా ఆగుతుంది? క్లాడింగ్ వెనకాల వేసే షీటు ప్లాస్టిక్ కవరులా నీటినీ గాలినీ పూర్తిగా ఆపేదిగా ఉండాలా, లేక ఆవిరిని బయటికి వదిలేదిగా ఉండాలా? కింది బ్లాకు గోడలకు కూడా ఇదంతా అవసరమా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

మీరు అడిగిన నాలుగు వస్తువుల్లో ఏదీ ఒంటరిగా వానను ఆపదు. ఇది ముందు మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. పలకకూ పలకకూ మధ్య సందు ఉంటుంది, స్క్రూ దిగిన చోట రంధ్రం ఉంటుంది, కిటికీ చుట్టూ అతుకు ఉంటుంది. గాలి గోడను నెట్టినప్పుడు బయట ఒత్తిడి ఎక్కువై, లోపల తక్కువై, ఆ తేడా నీటిని సందులోకి లాగుతుంది. గాలి లేకపోయినా సన్నని సందుల్లో నీరు తనంతట తానే పైకి ఎగబాకుతుంది. అందుచేత కొంత నీరు క్లాడింగ్ వెనక్కి చేరుతుందని ముందే ఒప్పుకొని, చేరిన నీరు కిందికి జారి బయటికి పోయేలా, మిగిలిన తడి గాలికి ఆరేలా గోడను కూర్చాలి.

పై అంతస్తుకు లోపలి నుంచి బయటికి వరుస ఇలా ఉంటుంది: స్టీలు ఫ్రేము, దాని మీద బోర్డు, బోర్డు మీద నీటిని ఆపి ఆవిరిని వదిలే షీటు, షీటు మీద నిలువుగా బిగించిన పట్టీలు, ఆ పట్టీల మీద క్లాడింగ్. పట్టీల మందం వల్ల షీటుకూ క్లాడింగ్‌కూ మధ్య సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీకి అడుగునా పైనా గాలి ఆడే దారి ఉండాలి, పురుగులూ ఎలుకలూ దూరకుండా ఆ దారికి జాలీ ఉండాలి. పట్టీలు అడ్డంగా పెడితే ప్రతి పట్టీ మీదా నీరు నిలుస్తుంది. క్లాడింగ్ పలకలు నిలువుగా రావలసి ఉండి అడ్డపట్టీలు తప్పనిసరైతే, ముందు నిలువు పట్టీలు వేసి వాటి మీద అడ్డపట్టీలు వేయించండి.

ఈ ఖాళీని అనవసరపు ఖర్చుగా కొట్టిపారేసేవారు ఉన్నారు గనుక రెండు చోట్ల జరిగింది చెప్పాలి. న్యూజీలాండ్‌లో 1990ల నుంచి 2000ల తొలి ఏళ్ల దాకా కట్టిన వేలాది ఇళ్లలో క్లాడింగ్‌ను ఖాళీ లేకుండా నేరుగా ఫ్రేముకు బిగించారు. చూరులు కురచగా ఉండటం, మందు పట్టించని కలప వాడటం దానికి తోడయ్యాయి. లోపలికి చేరిన నీటికి పోయే దారి లేక గోడల లోపల ఫ్రేములే కుళ్లిపోయాయి. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో 1980, 90 దశకాల్లో కట్టిన అపార్ట్‌మెంట్లదీ దాదాపు ఇదే కథ. అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రభుత్వం 1998లో దీని మీద విచారణ కమిషన్ వేయవలసి వచ్చింది. ఆ గోడలు బయటికి చూడటానికి చక్కగానే ఉండేవి, తడి మాత్రం లోపలే చిక్కుకుపోయింది. మీ ఫ్రేము స్టీలుది కాబట్టి కుళ్లదు, కానీ స్క్రూలు తుప్పు పడతాయి, బోర్డులు ఉబ్బుతాయి, గోడ లోపల బూజు పడుతుంది.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తాను. అయితే నేను పని జరిగే చోట నిలబడి పర్యవేక్షించేవాణ్ణి కాబట్టి, నీరు సాధారణంగా ఎక్కడ దిగుతుందో ఆ చోట్ల గురించి చెబుతాను. విశాలమైన గోడ మధ్యలోంచి నీరు రావడం అరుదు. కిటికీ మూలలు, పిట్టగోడ పైభాగం, బాల్కనీ గోడను కలిసే చోటు, పైపులూ వైర్లూ గోడను దాటే రంధ్రాలు, వీటి దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. మీ ఇంట్లో వీటికి తోడు కింది బ్లాకు గోడా పై ఫ్రేము గోడా కలిసే అడ్డగీత ఒకటి ఉంది. పై అంతస్తు ఖాళీలోకి దిగిన నీరంతా చేరేది అక్కడికే. ఆ గీత పొడవునా వంచిన రేకు ఒకటి వేసి, దాని వెనక అంచును షీటు కిందికి పోనిచ్చి, ముందు అంచును కింది గోడ ప్లాస్టరు కంటే కొద్దిగా ముందుకు తెచ్చి, కిందికి వంచాలి. రేకు వెనక అంచు షీటు మీదికి వచ్చిందంటే జారిన నీరంతా బ్లాకు గోడ నెత్తిన పడుతుంది. ఇది చిన్న తేడాగా కనిపిస్తుంది, క్లాడింగ్ వేశాక మాత్రం సరిదిద్దడం చాలా కష్టం.

షీటు వేసేటప్పుడు కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, పై వరుస ఎప్పుడూ కింది వరుస మీదికి కనీసం 15 సెంటీమీటర్లు రావాలి. పెంకులు పేర్చే పద్ధతే ఇది. కిటికీ దగ్గర కూడా ఇదే క్రమం: ముందు అడుగు భాగం, తరువాత రెండు పక్కలు, చివరికి పైభాగం. అడుగు భాగం బయటివైపుకు కాస్త వాలుగా ఉండి, లోపలి అంచు మాత్రం పైకి లేచి ఉండాలి. కిటికీ అడుగు అంచును సిలికాన్‌తో పూర్తిగా మూసేయవద్దు. పైనుంచి ఏదో ఒక నాడు దిగే నీరు అక్కడి నుంచే బయటికి రావాలి. పనివాళ్లు మంచి ఉద్దేశంతోనే నాలుగు వైపులా సీలెంట్ (సిలికాన్ వంటి సందులు మూసే పేస్టు) పట్టించేస్తారు, కాబట్టి ముందే చెప్పి పెట్టండి.

సీలెంట్ గురించి ఇంకొక్క మాట. సందు నిండా సీలెంట్ కుక్కితే అది రెండు పక్కలకూ వెనక గోడకూ అంటుకుపోతుంది, గోడ వ్యాకోచించినప్పుడు సాగే వీలు లేక చిరుగుతుంది. ముందుగా సందులో గుండ్రటి నురుగు తాడు దూర్చి, దాని మీద సీలెంట్ వేస్తే, అది రెండు పక్కలను మాత్రమే పట్టుకొని రబ్బరులా సాగుతుంది. లోతు, వెడల్పులో సగం ఉంటే చాలు. ఎండకు సిలికాన్ రకం బాగా నిలుస్తుంది, కానీ దాని మీద పెయింటు అంటదు. రంగు వేయవలసిన చోటైతే పాలీయురేథేన్ రకం చూసుకోండి.

సమాధానం 3

కింది బ్లాకు గోడల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. గాలి ఖాళీ అన్ని గోడలకూ అవసరమన్న అభిప్రాయం కలగకూడదు. మందమైన బ్లాకు గోడ కొంత నీటిని పీల్చుకొని ఎండ కాసినప్పుడు తిరిగి వదిలేస్తుంది, ఫ్రేము గోడకు ఆ శక్తి లేదు. బ్లాకు గోడకు రెండు పొరల మంచి ప్లాస్టరు, కిటికీల మీద సన్‌షేడ్లు, వాటి అడుగున అంచుకు దగ్గరగా నీటి గాడి ఉంటే చాలావరకు సరిపోతుంది. ఆ గాడి వేలు పట్టేంత సన్ననిదే అయినా, సన్‌షేడ్ అడుగు పట్టుకొని గోడ వైపు పాకే నీరు అక్కడ తెగి చుక్కలుగా కింద పడిపోతుంది. గాడి లేని సన్‌షేడ్ల కింద గోడ మీద నల్లటి చారలు మీరు చూసే ఉంటారు.

ప్లాస్టరులో సిమెంటు ఎక్కువ వేస్తే గట్టిదనం వస్తుందని అనుకుంటారు. గట్టిదనంతో పాటు సన్నని బీటలు కూడా వస్తాయి, నీరు వాటిలోంచే పోతుంది. కాంక్రీటు బీమూ బ్లాకులూ కలిసే చోట చికెన్ మెష్ (సన్నని ఇనుప వల) కొట్టించి ప్లాస్టరు చేయించండి, తగినన్ని రోజులు నీళ్లు పట్టించండి. తరువాత గోడ బాగా ఆరాకే రంగు వేయించండి. రబ్బరులా సాగే వాటర్‌ప్రూఫ్ పెయింట్లు మంచివే, కానీ తడి గోడ మీద వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పొర బుడగలు కట్టి ఊడిపోతుంది. పిట్టగోడ పైభాగానికి వాలు లోపలికి, అంటే డాబా వైపుకు పెట్టించండి. లేకపోతే అక్కడి మురికంతా కొత్త గోడ మీదుగా దిగుతుంది.

ఇక పై అంతస్తుకు వస్తువు ఎంపిక. రాతి పలకలను తేలికపాటి ఫ్రేము గోడకు అంటించడానికి నేను ఒప్పుకోను. బరువు తగ్గించాలనే కదా ఫ్రేము పెట్టుకున్నారు! పైగా పలక వెనక జిగురు చుక్కలు చుక్కలుగా పెట్టే అలవాటు ఉన్నచోట, ఆ చుక్కల మధ్య ఖాళీల్లో నీరు నిలుస్తుంది. రాయే కావాలంటే కింది గోడకు, తక్కువ ఎత్తు వరకు, వెనకంతా జిగురు పట్టించి వేయించండి. ఎత్తుకు పోయే కొద్దీ జిగురు చాలదు, క్లాంపులతో బిగించాలి.

ఫైబర్ సిమెంటు పలకలకు చెదలు పట్టవు, అవి మండవు, ఎండకు పెద్దగా సాగవు. సొంతంగా కట్టించుకునేవారికి ఇవే అనువైనవని నా అభిప్రాయం. వాటిలో బలహీనమైన చోటు కోసిన అంచు, అక్కడి నుంచే పలక నీరు పీలుస్తుంది. అందుచేత కోసిన ప్రతి అంచుకూ బిగించకముందే ప్రైమర్ పట్టించాలి, బిగించాక బ్రష్ అక్కడికి చేరదు. కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. పనివాళ్లకు సరైన మాస్కులు ఇవ్వండి, దుమ్ము పీల్చే యంత్రం బిగించిన రంపం వాడించండి, ఆ దుమ్ము పక్కన పిల్లలను తిరగనివ్వకండి.

చెక్క మీద మీ ఇంటివారికి ఉన్న ఇష్టం సరైనదే, కానీ చెక్కకు ఎప్పుడూ కనిపెట్టుకునే మనిషి కావాలి. కలపలో తేమ 20 శాతానికి లోపు ఉన్నంతకాలం సాధారణంగా శిలీంధ్రం పట్టి కుళ్లదు. వెనక గాలి ఖాళీ, నేలకు కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు, కోసిన కొసలకు పూత, ఈ మూడూ ఉంటే ఆ హద్దులో నిలపవచ్చు. చేవ ఉన్న కలపే తీసుకోండి. కలప పేరు గొప్పదైనా దుంగ అంచున ఉండే తెల్లటి భాగం త్వరగా పాడవుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి, మామూలు ఇనుప స్క్రూలైతే టేకు, దేవదారు వంటి కలపల్లోని రసాయనంతో కలిసి నల్ల మరకలు దిగుతాయి. గాలివాన కొట్టే ఆ రెండు వైపులా ఫైబర్ సిమెంటు వేసి, చూరు కింద నీడపట్టున ఉన్న గోడకు చెక్క వేసుకుంటే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

అడిగినవారు

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫైబర్ సిమెంటు, చెక్క కలిపి వేయడమన్న ఆలోచన ఇంట్లో అందరికీ నచ్చింది. రెండు సందేహాలు మిగిలాయి. ఏసీపీని ఎవరూ ప్రస్తావించలేదు, కారణమేమైనా ఉందా? అలాగే, గోడ లోపలివైపు ఆవిరి రాకుండా పాలిథిన్ షీటు వేయాలని ఒకచోట చదివాను. పడకగదుల్లో ఏసీలు పెట్టుకుంటాం. ఆ షీటు వేయించాలా?

సమాధానం 1 ఇచ్చినవారు

ముందు పాలిథిన్ సంగతి. ఆవిరి సాధారణంగా వెచ్చటి తేమ గాలి ఉన్న వైపు నుంచి చల్లటి వైపుకు పోతుంది. చలి దేశాల్లో ఇల్లు లోపల వెచ్చగా, బయట చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరిని ఆపే పొర లోపలివైపు పెడతారు. ఉక్కపోత ఎక్కువగా ఉండే చోట ఏసీ నడిచే గదిలో పరిస్థితి తలకిందులవుతుంది: బయటి తేమ గాలి గోడలోకి చొచ్చుకువచ్చి, చల్లబడ్డ లోపలి బోర్డు వెనక నీరుగా మారుతుంది. అక్కడ పాలిథిన్ ఉంటే ఆ నీరు ఎటూ పోలేదు. లోపలి గోడకు వినైల్ వాల్‌పేపరు అంటించినా ఇదే ఫలితం, పేపరు లేపి చూస్తే వెనకంతా బూజు ఉంటుంది. కనుక మీరు ఏడాదిలో ఎక్కువ కాలం ఏసీ వాడేవారైతే లోపల పాలిథిన్ వేయవద్దు, లోపలి రంగు కూడా ఆవిరిని వదిలేదే ఎంచుకోండి. ఏడాదిలో చలీ ఉక్కపోతా రెండూ గట్టిగా ఉండే చోటైతే ఏ వైపునా పూర్తిగా మూసేసే పొర వద్దు. అయితే ఎక్కడైనా సరే గాలి దూరే సందులు మూయాలి, ఎందుకంటే బోర్డు గుండా మెల్లగా పాకే ఆవిరి కంటే సందులోంచి గాలితో కొట్టుకువచ్చేది చాలా ఎక్కువ.

ఏసీపీ అంటే రెండు పలుచటి అల్యూమినియం రేకుల మధ్య ఇంకో పదార్థం పెట్టి అతికించిన షీటు. మధ్య పదార్థం పాలిథిలీన్ అయితే అది మండుతుంది. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న ఒక ఫ్లాటులో పుట్టిన మంట అటువంటి షీట్ల మీదుగానే భవనమంతా పాకి 72 మంది ప్రాణాలు తీసింది. క్లాడింగ్ వెనక ఖాళీ నీటికి ఎంత మేలు చేస్తుందో, మంట పుడితే పొగగొట్టంలా అంత కీడూ చేయగలదు. కాబట్టి ఖాళీ ఉన్న గోడకు వీలైనంతవరకు మండని క్లాడింగే వేయడం నా దృష్టిలో నియమం. ఏసీపీయే కావాలంటే మధ్య పొర ఖనిజ పదార్థంతో చేసినదని పరీక్ష పత్రం చూసి మరీ కొనండి. చెక్క కూడా మండేదే కాబట్టి, మీరు చెక్క వేయాలనుకున్న గోడ పొరుగు ఇంటికి దగ్గరగా ఉంటే అక్కడా ఫైబర్ సిమెంటే వేయండి. రెండు అంతస్తులు కలిసే చోటా, కిటికీల చుట్టూ, ఖాళీలో మంటను ఆపే అడ్డుపట్టీలు ఎలా పెట్టాలో మీ ఇంజనీరుతో గీయించుకోండి. మామూలుగా గాలిని పోనిచ్చి, వేడి తగలగానే ఉబ్బి దారి మూసేసే రకాలు ఉన్నాయి.

సమాధానం 2 ఇచ్చినవారు

షీటు, రేకులు, కిటికీలు అయిపోయాక, క్లాడింగ్ బిగించకముందు ఒక పూట పని ఆపించి పైపుతో నీళ్లు కొట్టించి చూడండి. అడుగు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందే పైన కొడితే నీరు అన్ని చోట్లా కారి, ఏ అతుకు లోపమో తెలియదు. ఒక్కో అతుకు దగ్గర కనీసం ఐదు నిమిషాలు నీరు పడుతుండగా, లోపల ఒక మనిషి టార్చి పట్టుకొని కిటికీ మూలలు చూస్తూ ఉండాలి. లోపలి బోర్డులు అప్పటికి బిగించకుండా ఉంటే ఇంకా మంచిది, తడి వెంటనే కంటపడుతుంది. షీటును ఎండలో ఎన్నాళ్లు వదిలేయవచ్చో తయారీదారు దాని మీదే రాస్తారు, ఆ గడువు దాటకముందే క్లాడింగ్ పలకలు చేతికి అందేలా ఇప్పుడే ఆర్డరు పెట్టుకోండి.