మే నెలలో మూడు రోజులు వైజాగ్: అత్తగారి మోకాళ్ళతో అరకు కూడా కుదురుతుందా?

కూకట్‌పల్లి కాపురం:

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో మా ఆయనకి శుక్రవారం నుంచి సోమవారం దాకా సెలవు దొరికింది, దొరికింది అంటే ఆఫీసులో బతిమాలి తెచ్చుకున్నారు. మా బాబుకి ఏడేళ్ళు, ఇంతవరకు సముద్రం చూడలేదు. చిన్నప్పుడు ట్యాంక్‌బండ్ చూపించి ఇదేరా సముద్రం అన్నాం, వాడు అదే నిజమనుకుని మొన్న బళ్ళో చెప్పాడట, పిల్లలంతా నవ్వారట, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గొడవ. మాతో అత్తగారు కూడా వస్తున్నారు. 66 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే, మెట్లంటే భయం, కానీ సింహాచలం అప్పన్న పేరు వినగానే మందుల డబ్బాతో సహా బ్యాగు సర్దేసుకున్నారు.

మా ఆయన వేసిన ప్లాన్ ఇదీ. శుక్రవారం పొద్దున దిగి ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి. శనివారం అరకు, బొర్రా గుహలు చూసుకుని రాత్రికి వెనక్కి. ఆదివారం సింహాచలం, రుషికొండ, భీమిలి, వీలైతే యారాడ. సోమవారం జూపార్కు చూసి సాయంత్రం రైలు. చదువుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది, ఆయనతో అంటే "అంత దూరం వెళ్ళి చూడకుండా వస్తామా" అంటారు.

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఇది జరిగే పనేనా? మే నెల ఎండకి అక్కడ తట్టుకోగలమా? బాబుని నీళ్ళలోకి ఎక్కడ దింపొచ్చు? హోటల్ బీచ్ పక్కనే తీసుకోవాలా? వందే భారత్‌లో వెళ్ళడమా, రాత్రి రైలా? అన్నీ కలిపి 35 వేలు దాటకూడదని అనుకున్నాం.

పుట్టింది భీమిలి, ఉండేది మియాపూర్:

అక్కా, మీ వారి ప్లాన్‌కి నా నమస్కారాలు చెప్పండి. ముందు చిన్న సంగతి, సోమవారం జూపార్కు సెలవు. సబ్‌మెరైన్ కూడా సోమవారం ఉండదు. కాబట్టి ఆ నాలుగో రోజు ఎలాగూ పోయింది.

ఎండ సంగతి చెప్తాను, హైదరాబాద్ వాళ్ళు అందరూ ఇక్కడే మోసపోతారు. ఫోన్‌లో చూస్తే మనకి 41, వైజాగ్‌లో 35 అని ఉంటుంది, హమ్మయ్య చల్లగా ఉంది అనుకుని వెళ్తారు. దిగిన పది నిమిషాలకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. మనది పొడి ఎండ, నీడలోకి వెళ్తే ప్రాణం లేచి వస్తుంది. అక్కడ ఉక్కపోత, నీడలో నిలబడ్డా చెమట ఆగదు. అందుకే మే నెలలో వైజాగ్ వెళ్తే ఏ చోటికి వెళ్ళాలి అని కాదు, ఏ గంటకి వెళ్ళాలి అని ప్లాన్ వేసుకోవాలి. మా ఇంట్లో ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా తలుపులు వేసుకుని పడుకోవడమే, మా నాయనమ్మ చాప నీళ్ళతో తడిపి కిటికీకి కట్టేది.

తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, అస్తమించేది ఊరి వెనక కొండల వైపు. మే నెలలో అయిదున్నరకే పూర్తిగా తెల్లారిపోతుంది. అత్తగారు ఎలాగూ నాలుగింటికే లేస్తారు కాబట్టి అందరినీ లేపేయమనండి. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో కాసేపు బండ్లు ఆపేస్తారు, పెద్దావిడ నడవగలిగినంత నడిచి గట్టు మీద కూర్చోవచ్చు, బాబు పరిగెత్తినా టెన్షన్ ఉండదు. సాయంత్రం గాలి తిరిగాక మళ్ళీ రండి, పేపర్ పొట్లంలో మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్, కట్టించుకుని తినండి, ఉల్లిపాయ, నిమ్మకాయ కొంచెం ఎక్కువ వేయమనండి.

కానీ ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి మాత్రం దింపొద్దు. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది, లోతు ఒక్కసారిగా వస్తుంది, రాళ్ళు కూడా ఉన్నాయి. యారాడ చూడ్డానికి చాలా బాగుంటుంది, నీళ్ళకి మాత్రం అదీ అంతే. బాబు కోసం అయితే రుషికొండ. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, స్నానానికి హద్దులు పెట్టిన చోటు, లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడైనా మోకాలి లోతు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి.

అరకు తీసేయండి. నిర్మొహమాటంగా చెప్తున్నా. వైజాగ్ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, వెళ్ళి రావడానికే రోజంతా పోతుంది. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైల్లో సొరంగాల్లోంచి వెళ్ళడం బాబుకి నచ్చుతుంది నిజమే, కానీ దానికి పొద్దున్నే స్టేషన్‌లో ఉండాలి. బొర్రా గుహల్లో అన్నీ మెట్లే, కింద చెమ్మ, జారుడు. మీ ఆయన ఫోన్‌లో చూసిన ఆ పసుపు పచ్చ పొలాలు వలిసె పూలు, అవి నవంబరు, డిసెంబరులో పూస్తాయి. మేలో వెళ్తే ఎండిన గడ్డి చూసి వస్తారు. చలికాలంలో అరకు కోసమే రెండు రోజులు విడిగా వెళ్ళండి.

రెంటచింతల ఎండ:

ఇంత తిప్పలు ఎందుకండీ, సూర్యలంక వెళ్ళిపోండి. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి కారులో ఆరేడు గంటలు. వైజాగ్ అయితే 600 కిలోమీటర్లు దాటుతుంది, సగం సెలవు రోడ్డు మీదే. సూర్యలంకలో టూరిజం వాళ్ళ రిసార్ట్ ఇసుక పక్కనే ఉంటుంది, గదిలోంచి బయటికి వస్తే సముద్రమే. మెట్లు లేవు, కొండలు లేవు, సబ్‌మెరైన్ లేదు, చూడాల్సినవి ఏమీ లేవు, అదే దాని గొప్ప. పక్కన చీరాల, ఓడరేవు ఉన్నాయి, చీరాల్లో చీరలు కొనుక్కోవచ్చు, ఆడవాళ్ళు సంతోషిస్తారు.

ఒక్కటే, మే నెలలో పల్నాడు మీదుగా మధ్యాహ్నం కారు నడపకండి. నా పేరు చూశారుగా, మా ఊరు ఎండలకి పేపర్లో పడే ఊరు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి పదకొండుకల్లా చేరిపోవాలి.

పుట్టింది భీమిలి, ఉండేది మియాపూర్:

అన్నా, సూర్యలంక మంచిదే, కాదనను. కానీ శని, ఆదివారాల్లో ఎండాకాలం అక్కడ జనం చూశారా? పైగా పెద్దావిడ వస్తున్నదే అప్పన్న కోసం. సూర్యలంకలో అప్పన్నని ఎక్కడ తెస్తాం?

ఒకసారి కాలిన కాళ్ళు:

పోయిన మేలో మేము చేసిన తప్పులన్నీ రాస్తాను, మీరు చేయకుండా.

ఆన్‌లైన్‌లో సీ వ్యూ అని రాసి ఉంటే రోజుకి పదిహేను వందలు ఎక్కువ పెట్టి గది తీసుకున్నాం. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క మేడ మీద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఆరేసిన దుప్పట్లు, ఆ రెండిటి మధ్యలోంచి అరచేయంత నీలం. రిసెప్షన్‌లో అడిగితే "అదే సార్ సముద్రం" అన్నాడు, అబద్ధం అని అనలేం కదా. గది మూడో అంతస్తు, లిఫ్ట్ రిపేరు. మీకు పెద్దావిడ ఉన్నారు కాబట్టి డబ్బు కట్టే ముందు హోటల్‌కి ఫోన్ చేసి లిఫ్ట్ ఉందా, పని చేస్తోందా అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. ఆటోలు బాగా దొరుకుతాయి, బీచ్ పక్కనే గది ఉండాల్సిన పని లేదు, కొంచెం లోపల తీసుకుంటే అదే డబ్బుకి పెద్ద గది, మంచి ఏసీ వస్తాయి.

రెండో తప్పు, పొద్దున టిఫిన్ తిని తీరిగ్గా పదకొండింటికి బీచ్‌కి వెళ్ళడం. మా పాప చెప్పులు, వాళ్ళమ్మ చెప్పులు కెరటం పట్టుకుపోయింది. తిరిగి రావాలంటే ఇసుక మీద నడవాలి, పెనం లాగా కాలుతోంది, పాపని భుజం మీద వేసుకుని నేను పరుగు, నా చెప్పులు వాళ్ళమ్మ కాళ్ళకి. రోడ్డు మీదకి వచ్చేసరికి నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మిగతా రెండు రోజులు హోటల్ మంచం మీద కాళ్ళకి వెన్న రాసుకుని క్రికెట్ చూశాను. అది హైదరాబాద్‌లో కూడా చూడొచ్చు.

మూడోది చేపలు. సముద్రం ఊరికి వచ్చాం కదా అని పూటపూటా వంజరం వేపుడు ఆర్డర్ ఇచ్చాను. తర్వాత తెలిసింది, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అంటే మేలో హోటల్లో వచ్చే పెద్ద చేప చాలావరకు ఐసుదే. ధర మాత్రం తాజాదే.

పుట్టింది భీమిలి, ఉండేది మియాపూర్:

చేపల మాట నిజం. చెరువు రొయ్యలు దొరుకుతాయి, అవి తినండి. కానీ మేలో మా వైపు తినాల్సినవి వేరే ఉన్నాయి. సువర్ణరేఖ మామిడి, మా ఉత్తరాంధ్ర పండు, హైదరాబాద్‌లో బంగినపల్లి మోజులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ముంజలు రోడ్డు పక్కనే గెలలు పెట్టి కొట్టి ఇస్తారు. పచ్చి జీడిపప్పు ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి, పొద్దున ఏడులోపు అయితేనే వెళ్ళండి. అదే దారిలో తొట్లకొండ, రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధుల చోటు, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉంటాయి కాబట్టి ఆ పేరు. పై దాకా బండి వెళ్తుంది, అక్కణ్ణుంచి సముద్రం మొత్తం కనపడుతుంది, మీ అత్తగారు మెట్లెక్కకుండా చూడగలిగిన మంచి చోటు అదే అని నా లెక్క.

సబ్‌మెరైన్‌కి మాత్రం ఆవిడని తీసుకెళ్ళకండి. ఐఎన్‌ఎస్ కురుసుర 2001 దాకా నేవీలో పని చేసింది, 2002 నుంచి మ్యూజియం. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి కాలు ఎత్తి, నడుము వంచి దూరాలి. బాబుకి పండగ, మోకాళ్ళకి శిక్ష. ఎదురుగానే నేవీ వాళ్ళ పాత టీయూ 142 విమానం ఉంది, 2017లో పెట్టారు. ఒకరు బాబుతో వెళ్తే ఇంకొకరు అత్తగారితో బయట కూర్చోండి.

సింహాచలం కొండ పైకి బస్సు, కారు వెళ్తాయి. ఒక్కటి చూసుకోండి, అక్షయ తృతీయ రోజు చందనోత్సవం, ఏడాదిలో ఆ ఒక్క రోజే స్వామి నిజరూప దర్శనం, లక్షల్లో జనం వస్తారు. మీ తేదీలు దానికి దగ్గరగా పడితే గదులూ దొరకవు, దర్శనమూ కష్టమే.

రిజర్వేషన్ మాస్టారు:

అమ్మాయ్, రైలు సంగతి నేను చెప్తాను. ఇదివరకు 120 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచేవారు, 2024 నవంబరు నుంచి 60 రోజులే. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, వేసవి సెలవుల్లో వైజాగ్ బెర్తులు అటుకుల్లా ఎగిరిపోతాయి. తత్కాల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

వందే భారత్ ఎనిమిదిన్నర గంటలు, అంతసేపూ కూర్చునే వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది మంచిది కాదు. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కే బండి అర్ధరాత్రికి దగ్గరగా చేరుస్తుంది, పిల్లాడు నిద్దట్లో ఉంటాడు. పైగా కుర్చీ బండ్లలో పిల్లాడికి అర టికెట్ ఉండదు, అయిదేళ్ళు దాటితే పూర్తి టికెట్టే. గోదావరి లాంటి రాత్రి బండి అయితే సాయంత్రం ఎక్కి పడుకుంటే పొద్దున్నే వైజాగ్.

ఇప్పుడు అసలు కిటుకు. నలుగురికీ ఒకే టికెట్ తీస్తే మీ అత్తగారికి కింది బెర్తు వస్తుందన్న హామీ లేదు. 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది, అది ఒంటరిగా గానీ, అలాంటివాళ్ళు ఇద్దరు గానీ ఒక టికెట్ మీద వెళ్తేనే వర్తిస్తుంది. ఆవిడకి విడిగా ఆ కోటాలో తియ్యండి. వేరే బోగీ వచ్చే అవకాశం ఉంది, అప్పుడు మీ ఆయన్ని ఆ బోగీలో ఎవరితోనైనా మార్చుకోమనండి, కింది బెర్తు వాళ్ళని బతిమాలడం కంటే పై బెర్తు మార్చుకోవడం తేలిక. ఛార్జీలో రాయితీ మాత్రం 2020లోనే ఆపేశారు.

టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. కొన్ని బండ్లు ఇప్పుడు చర్లపల్లి నుంచి వెళ్తున్నాయి, కూకట్‌పల్లి నుంచి సికింద్రాబాద్ వెళ్ళి అక్కడ బండి లేదని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

పొద్దున ఆరింటికి దిగితే హోటల్ గది పన్నెండుకి ఇస్తామంటారు. ముందు రోజే ఫోన్ చేసి తొందరగా ఇస్తారా, ఎంత తీసుకుంటారు అని మాట్లాడుకోండి. పెద్దావిడని సామాన్లతో లాబీలో ఆరు గంటలు కూర్చోబెట్టకండి.

కూకట్‌పల్లి కాపురం:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఈ థ్రెడ్ మొత్తం మా ఆయన చేత చదివించాను. వలిసె పూల దగ్గర కాసేపు ఆగారు, తర్వాత ఏమీ అనకుండా పెన్ను తీసుకుని అరకు కొట్టేశారు. యారాడ కూడా పోయింది. ఇప్పుడు శుక్రవారం దిగి మధ్యాహ్నం దాకా నిద్ర, సాయంత్రం సబ్‌మెరైన్, బీచ్. శనివారం పొద్దున్నే రుషికొండ, సాయంత్రం తొట్లకొండ. ఆదివారం తెల్లవారుజామున సింహాచలం, సాయంత్రం రైలు. సోమవారం ఇంట్లో పడుకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు.

అక్షయ తృతీయ క్యాలెండర్లో చూశాం, మా తేదీలకి దూరంగానే ఉంది. చందనోత్సవం సంగతి విని అత్తగారు మాత్రం ఆ రోజే వెళ్దాం అంటున్నారు, ఆ గొడవ ఇంట్లో నడుస్తోంది.

మాస్టారూ, ఆవిడ టికెట్ వేరేగా తీస్తే "నన్ను ఒక్కదాన్నీ వేరే బోగీలో పడేస్తారా" అని అలిగారు. కింది బెర్తు అని చెప్పాక కిటికీ పక్కనేనా అని అడిగారు.

రిజర్వేషన్ మాస్టారు:

కిటికీ పక్కనే అని చెప్పమ్మా. రాత్రి బండి, బయట ఏమీ కనపడదు.